నాలుగు వేల దగ్గరి గుంత

షాద్‌నగర్ దగ్గరి నూలు మిల్లులో మా అక్క దారం వడికే యంత్రాల మీద పనిచేసేది. ఆమె చెవుల పరీక్ష కాగితం చూసిన డాక్టరు, నష్టం ఎక్కువగా ఉందని, మిల్లు పని మానుకోవాలని చెప్పాడు. "సచ్చినా మాన. గా పనితోనే నేను నిలబడ్డ" అని అక్క బయటికొచ్చి బెంచీ మీద కూర్చుంది.

నేను నల్గొండలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. పరీక్ష పటం నా చేతిలో ఉంది. అడ్డంగా ముందుకు పోయేకొద్దీ శబ్దం సన్నబడి కీచుమంటుంది. గీత కిందికి దిగేకొద్దీ, అంత గట్టిగా మోగితే తప్ప చెవికి అందదని అర్థం. ఎర్ర సున్నాలు కుడి చెవివి, నీలం ఇంటూలు ఎడమవి. రెండు గీతలూ అరవై డెసిబెళ్ల కిందనే సాగాయి. అదే నిజమైతే మామూలు మాట ఆమెకు అందకూడదు.

మొహం అవతలికి తిప్పి, మెల్లగా, "ఆకలైతున్నదా?" అన్నాను.

"కాదా మరి? పొద్దున చాయ్ మీదున్న."

పెదవులు చూసి గ్రహించిందనడానికి వీల్లేదు.

"అక్కా, లోపట చప్పుడు ఇనబడంగనే చెయ్యి లేపినవా?"

"ఎట్ల లేపుత? రూఢి చేసుకున్నంకనే లేపిన. మా మిల్లుల మాటలు ఇనబడయి, చెయ్యి లేపితే సూపర్‌వైజర్ ఉరికొస్తడు. ఊకెనే లేపితే 'ఈగలు తోల్తున్నవా' అని లైనంత నవ్వుతరు. నీకేం ఎర్క, సారూ!"

నేను అడిగితే, పరీక్ష చేసినామె మళ్లీ చేయడానికి ఒప్పుకుంది. "అనుమానంగా వినిపించినా లేపాలమ్మా" అని నచ్చజెప్పింది. ఏ ఫలితం రావాలని కోరుకుంటున్నానో నాకు తెలుసు. అది నా మొహంలో అక్కకు కనిపించకూడదని పరీక్ష గది అద్దానికి వీపు పెట్టి నిలబడ్డాను. చెయ్యి లేస్తున్నదో లేదో చూడకుండా అట్లా నిలబడడం కష్టమైంది.

కొత్త పటంలో గీతలు నిజంగానే పైకి లేచాయి. ఊపిరి పీల్చుకోబోయి ఆగిపోయాను. నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర రెండూ ఒక్కలాగే కిందికి జారి, ఎనిమిది వేల దగ్గర కాస్త తేరుకున్నాయి. చెవిలో గుబిలి వల్లనేమోనని అడిగాను. గుబిలి అడ్డురాకుండా చెవి వెనక ఎముక ద్వారా వినిపించినప్పుడు కూడా గీత అక్కడే జారిందని పరీక్ష చేసినామె చూపించింది. అంటే దెబ్బ లోపలి చెవికే తగిలింది. యంత్రాల హోరులో ఏళ్లు గడిపిన చెవుల్లో తరచుగా కనిపించే గుంత అది. కాదనడానికి నా దగ్గర మరో కారణం మిగల్లేదు.

అక్క ఆ గుంత మీద వేలు పెట్టింది. "గీడ మల్ల మంచిగైతదా?"

"కాదక్కా. గా హోరుల్నే ఉంటే ఇంక దిగుతది."

"మొదటి కాయితమే నయ్యముండె. అది తప్పని నిమ్మళంగ పనికి పోదును."

ఆమె పటాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది.

"హోరు లేని ప్యాకింగుల జాగా ఉన్నదేమో అడుగుత. రేపు పోంగనే చెయ్యి లేపుత. నవ్వితే నవ్వనియ్."