పదకొండు సెకన్ల షాట్

ఏ వీడియో చేతికొచ్చినా ఆమె చేసే మొదటి పని దాని నోరు నొక్కెయ్యడం. పెళ్లి గానీ, పుట్టినరోజు గానీ, కొత్త షాపు తెరిచిన సంబరం గానీ, ముందు శబ్దం మొత్తం తీసేస్తుంది. కుర్చీలు జరిపిన మోత, ఎవరో దగ్గడం, ఎవరో ఎవరినో "ఒరేయ్, ఇటు రా" అని అరవడం, ఇవన్నీ ఉంటే అది సినిమాలా ఉండదంటుంది. నోరు మూయించాక కదలికను సగానికి సగం నెమ్మది చేస్తుంది. పైనా కిందా నల్ల పట్టీలు వేసి, వెలుగును కాస్త సాయంకాలం వైపు తిప్పి, వెనక ఒక వయొలిన్ పెడుతుంది. అంతే, కరెంటాఫీసు ముందు వరసలో నిలబడ్డ మనిషి కూడా యుద్ధానికి బయల్దేరినట్టుంటాడు. గోరంతను కొండంత చెయ్యడమే తన ఉద్యోగమని చెప్పుకోవడానికి ఆమె సిగ్గుపడదు.

ఫోటో స్టూడియోలో ఆల్బమ్‌లకు అట్టలు అంటించే పనికి చేరినప్పుడు ఆమెకు పంతొమ్మిదేళ్లు. అక్కడి ఎడిటరు ఒకరోజు చెప్పాపెట్టకుండా మానేసి పోతే, తల పట్టుకు కూర్చున్న యజమానితో "నేను చేస్తానండీ" అంది. చూసి చూసి నేర్చిన విద్య అది. ఇప్పుడు నలభై దాటాయి. మేడ మీద గది ఆమెదే. కిటికీకి నల్లగుడ్డ, బల్ల మీద రెండు తెరలు, ఒక చక్రం ఊడిన కుర్చీ. అందరూ ఆమెను కత్తెర అనే పిలుస్తారు. చుట్టాల పెళ్లిళ్లలో ఆడపడుచులు వెంటపడి, "వదినా, నా పొట్ట ఎలాగైనా కత్తిరించెయ్యవా" అని బతిమాలుకుంటారు.

భర్త స్కూలు బస్సు డ్రైవరు. ఇరవై ఏళ్లలో బస్సుకు చిన్న గీత కూడా పడనివ్వలేదు. ఆ సంగతి వార్షికోత్సవంలో నాలుగు నిమిషాల సినిమాగా చూపించాలని స్కూలువాళ్లకు సరదా పుట్టింది. "మీ ఇంట్లోనే ఎడిటర్ ఉండగా ఊరంతా వెతకడం ఎందుకు?" అంది ప్రిన్సిపల్ మేడమ్.

ఆదివారం పిల్లలు లేని బస్సులో ఇద్దరూ బయల్దేరారు. ఆమె ఫోను పట్టుకుని పక్కన కూర్చుంది.

"నా వైపు చూడకండి. పిలిచినా పలక్కండి. ఏదో ఆలోచిస్తున్నట్టు దూరంగా చూస్తూ ఉండండి."

"ఏం ఆలోచించాలే?"

"మీ బావగారి గురించి ఆలోచించండి."

"అయితే కోపం వస్తుంది, సినిమా పాడైపోతుంది" అన్నాడాయన.

మూడో సిగ్నల్ దగ్గర ఆమెకు కావలసిన షాట్ దొరికింది. స్టీరింగ్ మీద ఒక చెయ్యి, రెండో చేతివేళ్లు చొక్కా గుండీని తడుముతున్నాయి. కళ్లు ఎక్కడో ఉన్నాయి. ఇరవై ఏళ్ల కష్టమంతా ఆ ముఖంలోకి వచ్చి కూర్చున్నట్టుంది. బస్సు కదిలాక ఆమె పొంగిపోయి "మీరు మహానటులండీ బాబూ" అంది. "నేనేం చేశాను?" అన్నాడాయన. ఎంత అణకువో అనుకుని ఆమె నవ్వింది. ఆ పదకొండు సెకన్లను సాగదీసి ఇరవై రెండు చేసింది. గుండీ మీది వేళ్లను దగ్గరికి లాగి చూపించింది. స్టూడియో యజమాని చూసి కళ్లు తుడుచుకున్నాడు.

మంగళవారం ప్రిన్సిపల్ ఫోన్ చేసింది. "చాలా బాగుందమ్మా. కానీ మరీ మూగగా ఉంది. బస్సు చప్పుడు, హారన్లు కాస్త వినబడితే మన బస్సే అనిపిస్తుంది కదా."

బుధవారం మధ్యాహ్నం అన్నం తిని వచ్చి, తీసేసిన శబ్దాన్ని కత్తెర మళ్లీ తెరిచింది. ముందు ఇంజను మోత వినిపించింది. తర్వాత వెనక నుంచి ఒక హారన్. ఆపైన రెండు మూడు కలిసి గోల. వాటి మధ్య తన గొంతు.

"ఏమండీ, పచ్చ లైటు పడింది."

"ఏమండీ!"

"చాల్లెండి నటన, వెనకవాళ్లు తిడుతున్నారు. ఏమండీ, మిమ్మల్నే!"

తెర మీది మనిషి కదల్లేదు. నాలుగోసారి పిలిచాక పెద్దగా ఊపిరి తీసుకుని, చుట్టూ చూసి, ఏమీ జరగనట్టు గేరు వేశాడు.

ఆరోజు తను నవ్వుతూ పిలిచింది. చెప్పిన మాట మరీ ఎక్కువగా వింటున్నాడని మురిసిపోయింది. ఇప్పుడు వయొలిన్ తీసేసి, మామూలు వేగంలో, మామూలు రంగులో మళ్లీ పెట్టింది. నెమ్మది చేసినప్పుడు కనపడనిది కనపడింది. ఆయన పెదాలు ఏదో నములుతున్నట్టు ఊరికే ఆడుతున్నాయి. వేళ్లు గుండీని తడమడం లేదు, పీకుతున్నాయి. కళ్లు దేన్నీ చూడటం లేదు. దానికి డాక్టర్లు ఏం పేరు పెడతారో ఆమెకు తెలియదు. ఆ పదకొండు సెకన్లూ తన మొగుడు అక్కడ లేడన్నది మాత్రం తెలిసింది.

కాదేమో, నిజంగా నటించాడేమో అని మనసు ఇంకా గుంజుకుంటూనే ఉంది. సినిమా కోసమని బస్సులో ఉండే ఆయా ముందే పిల్లల మాటలు తన ఫోన్లో తీసి పంపింది. వాటిని తెరిచింది. ముందుపళ్లు ఊడిన చిన్నపిల్ల ఒకతి "మా డ్రైవర్ మామయ్య మాతో ఆటలాడతాడు" అంటుంది. ముద్దుగా ఉందని అప్పుడు అక్కడికే కోసి సినిమాలో పెట్టింది. మిగతాది వినలేదు. ఇప్పుడు వింది.

"స్టాచ్యూ ఆట! ఉన్నట్టుండి బొమ్మైపోతాడు. మేం ఎంత అరిచినా కదలడు."

"ఎప్పుడు? బస్సు ఆగినప్పుడా?" ఆయా గొంతు.

"ఒక్కోసారి వెళ్తున్నప్పుడు కూడా!"

ఆయా నవ్వింది. పిల్లల మాటలే కదా అనుకుని ఉంటుంది.

కత్తెర పైప్రాణాలు పైనే పోయాయి. గోడ గడియారంలో మూడుకు పది నిమిషాలు. మూడూ ఇరవైకి స్కూలు వదులుతారు. ఆయనకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. స్టీరింగ్ దగ్గర కూర్చుంటే ఫోను డబ్బాలో పడెయ్యాలని నియమం పెట్టుకున్నది ఆయనే. స్కూలు ఆఫీసులో ఎవరూ ఎత్తలేదు. ఆ షాటును ఫోన్లోకి ఎక్కించుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది. దారంతా ఒకటే లెక్క. గంటకు నలభై కిలోమీటర్లొద్దు, ముప్పై కూడా వద్దు, మెల్లగా పోయినా సరే, పదకొండు సెకన్లలో బస్సు ఎంత దూరం పోతుంది? రోజూ దాటే వంతెన ఎంత పొడవు? ఎంత తల విదిలించుకున్నా ఆ లెక్క ఆగలేదు.

ఆమె గేటు చేరేసరికి బస్సు స్టార్టు చేసి ఉంది. ముప్పై ఆరుమంది పిల్లలు ఎక్కేశారు. కత్తెర పోయి బస్సు ముందు రెండు చేతులూ చాపి నిలబడింది.

ఆయన తల బయటపెట్టాడు. "మతిగానీ పోయిందా? అందరూ చూస్తున్నారు, తప్పుకో."

"దిగండి. మీ కాళ్లు పట్టుకుంటాను, ఒక్క నిమిషం దిగండి."

ఆయన దిగాడు. గోడ పక్కకు లాక్కుపోయి, శబ్దం తగ్గించి, ఆ షాట్ చూపించింది.

"ఆదివారం తీసిందేగా. దీనికోసం పరిగెత్తుకొచ్చావా?"

"అప్పుడు మిమ్మల్నెవరైనా పిలిచారా?"

"మనిద్దరమేగా ఉన్నది. ఎవరు పిలుస్తారు?"

ఆమె శబ్దం పెంచింది. హారన్లు వినిపించాయి. "ఏమండీ" అని ఆమె గొంతు నాలుగుసార్లు పిలిచింది. ఆయన ఫోను తన చేతిలోకి తీసుకుని మళ్లీ విన్నాడు. మూడోసారీ విన్నాడు. కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు ముఖంలో.

"నేను వినలేదే" అన్నాడు చిన్నగా.

తిట్టినా బాగుండుననిపించింది ఆమెకు. ఆయన వెనక్కి నడిచి బస్సెక్కాడు. ఆమె మళ్లీ బస్సు ముందుకు పరిగెత్తింది. ఇంజను ఆగింది. "పిల్లల్ని దించెయ్యి" అని ఆయాకు చెప్పి, తాళంచెవి తీసుకొచ్చి బస్సుల సూపర్‌వైజరు చేతిలో పెట్టాడు.

"ఏమైందయ్యా?" అన్నాడు సూపర్‌వైజరు.

"నాకు తెలియడం లేదు సార్. అదే అయింది."

ఆస్పత్రి రెండు వీధుల అవతల. నడుస్తూ ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఇన్నేళ్ల కాపురంలో వీధిలో ఎప్పుడూ పట్టుకోలేదు.

"ఇప్పుడు ఎక్కడికీ పోలేదు కదా నేను?"

"లేదండీ. ఇక్కడే ఉన్నారు."

పది అడుగులు వేశాక మళ్లీ అదే అడిగాడు. ఆమె మళ్లీ అదే చెప్పింది. మలుపు దగ్గర ఆగిపోయాడు.

"మరి ఇరవై ఏళ్లలో ఎన్నిసార్లు పోయుంటాను? వెనక అంతమంది పిల్లల్ని పెట్టుకుని?"

స్టూడియో మెట్లు దిగినప్పటినుంచీ ఆ ప్రశ్న ఆమె మనసులో తిరుగుతూనే ఉంది. ఆయనకు మాత్రం అది తట్టకూడదని దారి పొడుగునా దండాలు పెట్టుకుంటూ వచ్చింది.