పిడికెడు బియ్యం డబ్బా

నిన్న మా ఊరు చర్లలో కొత్తగా కట్టిన చర్చిలో పాత రేకు డబ్బా కనబడింది. అందులో ప్లాస్టిక్ పూలు పెట్టారు.

మన ఈడు వాళ్లకు గుర్తుందా ఆ డబ్బా? వంటకు బియ్యం తీసినప్పుడల్లా అమ్మలు దేవుని పేరిట ఒక పిడికెడు పక్కన పెట్టి, ఆదివారం చర్చికి తెచ్చి అందులో పోసేవారు. దొడ్డువి, సన్నవి, రేషన్‌వి అన్నీ కలిసిపోయేవి. ఆ వారం ఎవరింట్లో పొయ్యి వెలగకపోతే ఆ ఇంటికి వెళ్లేవి.

నా చిన్నప్పుడు నాన్న జ్వరంతో పడుకుంటే, మా ఇంటికి ఆ బియ్యం మా చర్చి మరియమ్మ పెద్దమ్మ తెచ్చింది. వండితే సగం చిమిడి, సగం పలుకుగా ఉన్న ఆ అన్నం చూసి నేను మూతి ముడిస్తే, "తిను బిడ్డా, గిది అందరిండ్ల బువ్వ" అన్నది.

ఒంటరిగా ఉండే ఆ పెద్దమ్మ మొన్న పోయింది. అంతకు ముందు నెల రోజులుగా చర్చిలో ఆమె చోటు ఖాళీగా ఉంటే నేను అక్కడ నా బ్యాగు పెట్టుకున్నాను. ఆమెను సమాధి చేసి సమాధుల తోట నుంచి వస్తుంటే ఆమె పక్కింటావిడ ఒక చిన్న బియ్యం మూట నా చేతిలో పెట్టింది.

"మంచంల పడ్డంక నేనే వండిపెట్టిన. గప్పుడు గూడ పిడికెడు తీసి పెట్టమనేది. చర్చోళ్లొస్తే ఇయ్యమన్నది. ఒక్కలన్న రాకపోతిరి."

నిన్న ఆ మూటతోనే చర్చికి వెళ్లాను. డబ్బాలో పూలున్నాయి. పోనీ, నేరుగా ఎవరింటికైనా ఇద్దామంటే, మా చర్చిలో ఎవరింట్లో పొయ్యి వెలగలేదో నాకు తెలియదు.