ఏంజెలా తెలుగు

గోవిందరావు భిలాయి స్టీల్ ప్లాంటు కోక్ ఓవెన్‌లో ముప్ఫై ఆరేళ్లు పనిచేశాడు. భార్య లక్ష్మీకుమారి చనిపోయాక ఆయన ఇంట్లో గొంతున్నది కుక్కరుకొక్కదానికే. రోజంతటిలో మనిషి మాట వినేది పొద్దుటిపూట, సెక్టర్ 7 పార్కులో. అక్కడి సిమెంటు బెంచీ మీద ఒకప్పుడు ప్లాంటువాళ్లు ఐదుగురు ఇరుక్కుని కూర్చునేవారు. ఇప్పుడు ఆయన, క్యాంప్ 1 నుంచి సైకిలు మీద వచ్చే కొర్నేలి మిగిలారు.

నిన్న ఏదో పాత షిఫ్టు గొడవ తవ్వుకుని ఇద్దరూ అరుచుకున్నారు. "రేపట్నుంచి రాకు. నీ కోసం ఏడ్సీవోలు ఎవలూ నేరిక్కడ" అనేశాడు గోవిందరావు.

ఈరోజు ఏడున్నరైనా కొర్నేలి రాలేదు. ఫోన్ చేస్తే మనవరాలు ఏంజెలా ఎత్తింది. భిలాయిలో హిందీ మధ్య పుట్టి పెరిగిన పిల్ల.

"తాతేడమ్మా?"

"తాత పోయారు అంకుల్."

"ఎప్పుడు?"

"సుబే సుబే, పొద్దున్నే. ఫోన్ ఇక్కడే వదిలేసి పోయారు."

ఎలా ఆటో ఎక్కాడో తెలియదు. దారంతా నిన్నటి మాటే నోట్లో చేదుగా తిరిగింది. క్యాంప్ 1 సందు మొదట్లో టెంటు కోసం చూశాడు. లేదు. కుర్చీలూ లేవు. ఎవరూ రాలేదా?

కొర్నేలి కోడలు భాగ్యవతి తీగ మీద బట్టలు ఆరేస్తోంది. ఆయన గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"ఎక్కడ పడుకోబెట్టేరమ్మా?"

"ఎవర్ని బాబాయ్? మావయ్య మీ దగ్గరికే కదా బయల్దేరారు! పవర్ హౌస్ బజారు మీంచి వెళ్తానన్నారు."

"ఏంజెలా... పోయారంది."

భాగ్యవతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, దాని తెలుగు తగలెయ్యా! 'చలే గయే', బయటికెళ్లారు అనబోయి అలా అనుంటది బాబాయ్!"

అదే ఆటోలో వెనక్కి వచ్చాడు. కళ్లారా చూసేదాకా నమ్మలేదు.

బెంచీ మీద కొర్నేలి, పక్కన జిలేబీ పొట్లం.

"తర్వాతి షిఫ్టు రిలీవరు రాకుండా డ్యూటీ వదిలేసి ఎక్కడికి పోయావురా? దుకానం తెరిచేదాకా నిలబడి తెచ్చాను నీ కోసం. చల్లారిపోయింది."

గోవిందరావు కూర్చోలేదు. కుడిచేత్తో అతని మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"నిన్నొక మాటన్నాను. అది నాకు తిరిగిచ్చీరా."

"ఏ మాట?" అన్నాడు కొర్నేలి, తెలిసే. "ముందు చెయ్యొదులు, జిలేబీ తిను."

గోవిందరావు ఎడమచేత్తో తిన్నాడు.