మెట్టు అంచున సున్నం

ఈ సాయంత్రం డబ్బాలో సున్నం కలుపుతుంటే, ఆ ఘాటైన తడి వాసనకు అత్తయ్య గుర్తొచ్చింది. నాన్నకు అక్క, పెళ్లయ్యాక నాకు అత్తగారు. ముమ్మిడివరంలోని వాళ్ల ఇంట్లో ప్రతి మెట్టు అంచునా తెల్లటి సున్నం గీత ఉండేది. చూసినవాళ్లు అందానికి అనుకునేవారు. ఆ గీత లేకపోతే మెట్టు ఎక్కడ ఆగిందో ఆమెకు తెలిసేది కాదు. చిన్నప్పుడు రేచీకటితో మొదలై, ఏటికేడు పక్కల నుంచి చూపు మూసుకుపోయే జబ్బు ఆమెది. చివరికి గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నదే కనబడేది.

ఒక వేసవి సెలవుల్లో నేను తలుపు సగం వేసి వదిలేశాను. దాని అంచు ఆమె నుదుటికి కొట్టుకుంది. నేను ఏడుపు మొదలుపెడితే, ఆమె బొప్పి మీద కొబ్బరినూనె రాసుకుంటూ నవ్వింది.

"దెబ్బ నాకు, ఏడుపు నీకా? తలుపు తీస్తే గోడకి ఆనేదాకా తియ్యాలే. వేస్తే పూర్తిగా వెయ్యాలి. మధ్యలో ఉన్న తలుపుతోనే నా గొడవంతా."

నా డిగ్రీ అయ్యాక బావతో పెళ్లి మాటలు వచ్చాయి. మేనరికం ఉండగా బయట సంబంధం చూడడం మా ఇళ్లల్లో నామోషీ. అందరూ సంతోషించారు, అత్తయ్య తప్ప.

"వద్దురా తమ్ముడూ. మన అమ్మానాన్నలదీ మేనరికమే. నాకిలా రావడానికి అదే కారణమన్నారు డాక్టరు గారు. మళ్లీ మనలో మనమే ముడెయ్యొద్దు."

"నీ కొడుకు కళ్లు బాగానే ఉన్నాయి కదక్కా! మా పిల్ల నచ్చలేదని చెప్పేయరాదూ?" అంటూ నాన్న మంచినీళ్లయినా ముట్టకుండా లేచి వెళ్లిపోయారు. నేనూ అదే నిజమనుకుని చాలా బాధపడ్డాను. తమ్ముడి అలక భరించలేక ఆమె ఒప్పుకుంది.

మా పాపకు నాలుగేళ్లప్పుడు, ఓ రోజు దీపాలు పెట్టే వేళ అత్తయ్య లైటు వెయ్యనివ్వలేదు. గచ్చు మీద మల్లెపువ్వు పడేసి, "తెచ్చియ్యి తల్లీ" అంది. గుమ్మంలో ఉన్న నాకు పువ్వు తెల్లగా కనబడుతూనే ఉంది. పాప దాని పక్కనే కూర్చుని అరచేత్తో నేల తడుముతోంది. ఆ మసకలో అత్తయ్యకు ఏమీ కనబడదు. వింటోంది.

"చాలమ్మా, రా" అని పాపను ఒళ్లోకి లాక్కుంది. నాతో మెల్లగా అంది: "ఆ చప్పుడు నాకు తెలుసే. నా చెయ్యీ అలాగే తడిమేది. మీ నాన్న అలిగితే అలిగేడని ఊరుకోవాల్సింది నేను."

హైదరాబాదులో రక్తపరీక్ష చేశారు. ఒకే లోపం నా నుంచీ, బావ నుంచీ పాపకు చేరిందన్నారు. ఈ జబ్బులో ఒక రకానికి కంట్లోకి మంచి జన్యువును ఎక్కించే వైద్యం వచ్చిందట. మా పాపది ఆ రకం కాదు. మిగతావాటి మీద పరిశోధనలు సాగుతున్నాయట. ఆ మాట చెబితే, "అయితే నా రక్తం కూడా తీసుకోమను. దాని కళ్లకి పనికొస్తుందేమో" అంది అత్తయ్య. తీసుకెళ్దాం, తీసుకెళ్దాం అనుకుంటూనే ఉన్నాం. ఆ వానాకాలంలోనే ఆమె పోయింది.

పాప నిద్రపోయింది. కొత్త వైద్యం వార్తేమైనా వచ్చిందేమోనని రోజూలాగే ఫోనులో వెతికి, దాన్ని పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. మా మెట్ల అంచున గీసిన సున్నం ఈపాటికి ఆరిపోయి ఉంటుంది. పడుకునే ముందు ఇల్లంతా తిరిగి తలుపులన్నీ చూసుకోవాలి.

మొన్న నాన్న వచ్చి వెళ్తూ వీధి తలుపు వారగా వేశారు. గేటు దాకా వెళ్లి ఆగడం కిటికీలోంచి చూశాను. వెనక్కి వచ్చి, చప్పుడయ్యేదాకా దాన్ని దగ్గరికి లాగారు. ఆ తర్వాత కూడా చాలాసేపు అక్కడే, తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు.