పండుగకు ముందు కోసిన చిక్కుడు

దగ్గరికి జరగండి, పొయ్యి సెగ మీకూ తగలాలి. చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి. ఈ వాసన ముక్కుకు తగిలితే చాలు, నేను భద్రాచలం దారిలో అడవి అంచున ఉన్న మా పోడు చేనులో, లంగా ఒడి నిండా రేగిపండ్లతో నిలబడ్డ పిల్లనైపోతాను.

వానలు వెనకపట్టి మంచు మొదలయ్యే ఆ రోజుల్లో, జొన్న కంకుల మీద వాలే చిలకలను ఒడిసెల రాళ్లతో తోలుతూ, గట్లంతా పాకిన చిక్కుడు తీగల చాటున దాగుడుమూతలాడుతూ, మేం కాయలను వాసన చూసేవాళ్లమే గాని కొరికేవాళ్లం కాదు. చిక్కుడు పండుగ జరిగి మొదటి గింజలు భూమి తల్లికి పెట్టేదాకా ఊళ్లో ఎవరూ కొత్త కాయ తినరు.

అప్పుడే ఒక నాయకుడు ఓట్లకని మా ఊరికి నడిచి వచ్చాడు. మా వాకిట్లో ఈతాకు చాప మీద కూర్చుని, పోడు భూములకు పట్టాలిస్తానని అమ్మ చేతులు పట్టుకుని చెప్పాడు. ఇంట్లో గంజి తప్ప ఏమీ లేదు. అమ్మ చేనులోకి వెళ్లి కొంగు నిండా కొత్త కాయలు కోసుకొచ్చి, ఉప్పూ మిరపకాయా వేసి ఉడికించి ఆకులో పెట్టింది. ఆయన ఇంకొంచెం అడిగి మరీ తిన్నాడు.

ఆయన అటు వెళ్లగానే ఊరి పూజారి అయిన మా మేనమామ వచ్చాడు.

“ఏంది చెల్లె, తల్లికంటే ముందు ఓట్లాయనకు పెట్టినవా?”

“భూమి ఇస్తనన్నడు అన్నా. ఇంటికొచ్చినోన్ని ఉత్త గంజితోని పంపాల్నా?”

“భూమి ఇచ్చినంక పెట్టకపోయినవా?”

ఆ ఏడు పండుగలో అమ్మను వరసలో చివర నిలబెట్టారు. పట్టా వస్తే వీళ్లే మెచ్చుకుంటారని ఆమె నా చెవిలో అంది.

ఆయన గెలిచాడు. తల్లాడ వైపు చేలకు కాలువ నీళ్లొచ్చాయి. ఆయన ఫొటోను దేవుళ్ల పక్కన పెట్టుకున్న ఇళ్లు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి, వాళ్లది తప్పని నేననను. మా వైపు మాత్రం పట్టాలకు బదులు అటవీశాఖ పొక్లెయిన్ వచ్చింది. చేనుకు అడ్డంగా కందకం తవ్వుతుంటే అమ్మ డ్రైవరును బతిమాలింది.

“సారు మా ఇంట్ల తిన్నడు బిడ్డా, ఒకసారి ఆయన్నడుగు.”

“సారు చెప్తేనే వచ్చినమవ్వా.”

తీగలున్న చోట జామాయిలు మొక్కలు నాటారు.

మొన్న పాల్వంచ నుంచి తమ్ముడొచ్చాడు. ఆ నాయకుడంటే వాడికి ప్రాణం. ఏదో దేశంలో పెద్ద హాలులో ఆయన మాట్లాడిన వీడియో ఫోనులో పెట్టాడు. అడవిలో ఒక తల్లి తమ పండుగను కూడా ఆపుకుని తనకు కొత్త చిక్కుళ్లు పెట్టిందని, పేదల కోసం బతకడం ఆ ఆకు ముందు కూర్చునే నేర్చుకున్నానని ఆయన అంటుంటే, దొరలూ దొరసానులూ లేచి చప్పట్లు కొడుతున్నారు.

“చూడే అమ్మా, నీ ముచ్చట దేశాలు దాటింది.”

అమ్మ ఫోను దగ్గరికి లాక్కుంది. “పండుగ కాలేదని ఆయనకు ఎరికేనా?”

“అవ్, ఎరికే ఉన్నట్టుంది.”

“చేను సంగతి చెప్పిండా?”

తమ్ముడు వీడియోను ముందుకు జరిపి చూశాడు. చప్పట్లే ఉన్నాయి.

ఇప్పుడు ఆ గట్లు లేవు, జొన్న లేదు, జామాయిలు మీద చిలకలు వాలవు. అంగడిలో కొన్న కాయలతోనే పండుగ చేస్తున్నాం. మీ ఇల్లు చల్లగుండాలి. మీ ఆకులో తిన్న చెయ్యి మీ చేను మీదికి రాకుండుగాక.