డెబ్బై రెండు కాని గుండె

మా ల్యాబులో ఏ రికార్డు పుస్తకం తెరిచినా గుండె నిమిషానికి డెబ్బై రెండుసార్లే కొట్టుకునేది. సీనియర్ల పుస్తకం చూసి జూనియర్లు ఎక్కించుకునేవారు, పాఠాలు చెప్పే మేం కళ్లు మూసుకుని సంతకాలు పెట్టేవాళ్లం. సూరత్‌లో బయోమెడికల్ ఇంజనీరింగ్ చెప్పడానికి వచ్చిన కొత్తలోనే ఇది చూసి నాకు ఒళ్లు మండింది. ప్రయోగం ఎలా చేయాలో వరసగా చెప్పే అచ్చు పుస్తకం పక్కన పెడదాం, యంత్రంలో నేనే ఒక తప్పు దాచిపెడతాను, పిల్లలే వెతికి పట్టుకోవాలి అన్నాను. మా విభాగాధిపతి గుజరాతీ పెద్దాయన. "ఒక్క క్లాసు చూస్తాను. ఈసీజీ గీత రాకపోతే మళ్లీ పాత పద్ధతే" అని హిందీలో తేల్చేశారు.

ఆ రోజు ఆయన వచ్చి వెనక వరుసలో కూర్చున్నారు. రోగి వేషం నాదే. బల్ల మీద పడుకుని చేతులకూ కాళ్లకూ బిళ్లలు అంటించుకుని, వాటికి యంత్రం తీగలు పెట్టించుకున్నాను. ఎడమచేతి తీగను లోపల తెంపి ఉంచింది నేనే. తెలంగాణ నేతవాళ్లు ఉండే నవాగామ్ పేట నుంచి వచ్చే అమ్మాయి, మిల్లు కార్మికుడి కూతురు, మీటరుతో ఒక్కో తీగా చూసుకుంటూ వచ్చి పది నిమిషాల్లో దాన్ని పట్టేసింది. నాకు లేచి గంతులేయాలనిపించింది. తీగ మార్చారు. అయినా గీత రాలేదు. తెర మీద గొంగళిపురుగులా ఏదో మందంగా వణుకుతోంది.

ఈ రెండో తప్పు నేను పెట్టింది కాదు. ఎక్కడుందో నాకూ తెలియదు. పెద్దాయన గడియారం చూసుకున్నారు. నా పద్ధతికి ఇక నూకలు చెల్లాయనుకున్నాను.

ఆ అమ్మాయి యంత్రాన్ని వదిలేసి నా దగ్గరికి వచ్చింది. కుడికాలి మీది బిళ్ల పక్కన వేలితో తాకి చూసింది.

"సార్, పొద్దుగాల కాళ్లకు నూనె రాసుకున్నరా?"

రాసుకున్నాను. స్నానం కాగానే కాళ్లకు కొబ్బరినూనె పట్టించడం మా అమ్మ నేర్పిన అలవాటు. క్లాసంతా ఘొల్లుమంది.

"మా నాయన మిల్లుల నేత సాంచ కాడ నూనె చేత్తోని బట్ట ముట్టడు సార్. గది యాదికొచ్చింది."

నూనె పొర బిళ్లను చర్మానికి సరిగా తగలనివ్వలేదన్నమాట. స్పిరిటుతో కాళ్లు తుడిచి, జెల్ రాసి, బిళ్లలు మళ్లీ అంటించారు. గీత వచ్చింది! సన్నగా, శుభ్రంగా, ఒక్కో కొనా లెక్కపెట్టుకునేలా. నా గుండెను చూసి నేనే మురిసిపోయాను.

ఆమె రికార్డులో రెండు తప్పులూ రాసింది. ఒకటి తెగిన తీగ, రెండు సారు కాళ్లకు నూనె. కింద గుండె వేగం నూట ఎనిమిది.

పెద్దాయన ఆ అంకె మీద వేలు పెట్టారు. "ఇంత వేగమా?"

"భయపడ్డాను సార్" అన్నాను.

ఆయన నవ్వి సంతకం పెట్టారు. "ఆ అచ్చు పుస్తకాలు బీరువాలో పెట్టించండి" అన్నారు.