దలా చెరువు ఎండిన ఏడాది

నేను పనిచేసే ఆఫీసు బర్మాలో, నది ఒడ్డున చౌక్తడా అనే పేటలో ఒక పాత భవనం మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్నా మా సయామా అందరికంటే ముందే ఆ మెట్లన్నీ ఎక్కి వచ్చేసేవారు. సయామా అంటే బర్మీస్‌లో టీచరమ్మ. చదువుకున్న ఆడవాళ్లనందరినీ ఇక్కడ అలాగే పిలుస్తారు. ఆవిడ పశువుల డాక్టరు. రిటైరయ్యాక తమ మసీదు పెద్దలతో మాట్లాడి, నది అవతల దలాలో గొడ్లనూ మేకలనూ మేపుకునేవాళ్ల కోసం ఇస్లాం పద్ధతిలో ఒక బీమా నిధి మొదలుపెట్టారు; మా ఆఫీసు దానిదే. దాన్ని తకాఫుల్ అంటారు. ఒకరికొకరు పూచీ పడటమన్నమాట.

దలాలో ఎండాకాలం చెరువులే ఆధారం. అవి ఎండితే నది ఉప్పునీళ్లు తప్ప ఏమీ ఉండవు. అందుకని సయామా పెట్టిన నియమం ఒకటే: పశువు చచ్చేదాకా ఆగకూడదు, చెరువు అడుగంటగానే సభ్యులందరికీ గడ్డీ నీళ్లూ పంపాలి.

మొదటి సమావేశానికి నేనూ ఆవిడతో పాటు ఫెర్రీలో వెళ్లాను. మేకలు కాసే ఒక ముస్లిం పెద్దాయన లేచి, నా మేక చస్తుందని నేను పందెం కాస్తే అది జూదం కాదా, మన మతంలో అది తప్పు కదా అని అడిగాడు. సయామా కోప్పడలేదు.

“పందెమైతే తప్పే. కానీ మీరు కడుతున్నది మీ మేక కోసం కాదు. పక్కవాడి మేక కోసం ఇస్తున్న దానం. మీ మేక కోసం అతను ఇస్తాడు. మిగిలితే మళ్లీ మీ అందరిదే,” అన్నారు.

ఆయన చాలాసేపు ఆలోచించి చేరాడు. మా పెదనాన్న మాత్రం చేరలేదు. మా తాతలు తెలుగు దేశం నుంచి ఇక్కడి రేవులో మూటలు మోయడానికి వచ్చినవాళ్లు. ఆ కుటుంబంలో పెదనాన్న ఒక్కడే దలాలో ఆవులు పెట్టుకుని పాలు అమ్ముతున్నాడు. ఎప్పుడో ఎవరో బీమా అని చెప్పి, ఆవు చచ్చాక ఏవేవో షరతులు చూపించి తిప్పి పంపేశారట.

“నాకేటీ వొద్దమ్మా. ఆల్ల మాటలు ఇన్నాను, సాలు,” అన్నాడు నాతో.

రెండేళ్లు బాగానే గడిచాయి. ఆ తర్వాతి ఎండాకాలం ముగిసే వేళైనా వానల జాడ లేదు. చెరువులో బురద కూడా పెళ్లలు కట్టింది. సయామా అన్న మాట ప్రకారం పడవల మీద గడ్డీ నీళ్ల డ్రమ్ములూ పంపారు. ఆ రోజే పెదనాన్న ఆవు ఒకటి కూలిపోయింది. మిగతావి నిలబడలేకపోతున్నాయి.

పెదనాన్నకూ కొంచెం గడ్డీ నీళ్లూ ఇవ్వమని నేను సయామా దగ్గరికి వెళ్లి అడిగాను. ఆవిడ ముఖం వాడిపోయింది. అయినా కుదరదనే అన్నారు. ఈ నిధి నాది కాదు, డబ్బు వేసినవాళ్లది, నేను నా ఇష్టానికి పంచలేను అన్నారు. ఆ మాట నాతో చెప్పి ఊరుకోలేదు. ఆ ఎండలో ఫెర్రీ ఎక్కి వచ్చి, పెదనాన్నకు ఎదురుగా నిలబడి తనే చెప్పారు. ఆ తర్వాత చేతులు పైకి మడుచుకుని, నేల మీద కూర్చుని ఆయన ఆవులకు వైద్యం చేశారు. వెళ్లేటప్పుడు, గడ్డి దించుకుంటున్న సభ్యులకు ఒక్కటే చెప్పారు.

“నిధిలో ఉన్నంతవరకు ఇది అందరిదీ. మీ చేతికి వచ్చాక మీ సొంతం.”

మొదట ఎవరూ కదల్లేదు. జూదం కాదా అని అడిగిన పెద్దాయనే తన వాటాలోంచి ఒక గడ్డిమోపు తీసి పెదనాన్న పాక ముందు వేశాడు. చీకటి పడేలోగా ఇంకొందరు తెచ్చారు. ఒకామె సగం డ్రమ్ము నీళ్లు దొర్లించుకుంటూ తెచ్చింది. పెదనాన్న ఎవరి ముఖమూ చూడలేక గాటి దగ్గరే కూర్చున్నాడు. వానలు పడేదాకా ఆ ఆవులు అలాగే బతికాయి.

మొదటి వాన పడగానే పెదనాన్న ఆఫీసుకు వచ్చి నిధిలో చేరతానన్నాడు. సంతోషంగా రాసుకుంటారనుకున్నాను. సయామా రాసుకోలేదు. కృతజ్ఞతతో ఇస్తే అది బాకీ తీర్చినట్టవుతుంది, దానం అవదు, వానాకాలం వెళ్లేదాకా ఆలోచించుకోండి అని టీ ఇచ్చి పంపేశారు. పెదనాన్న మెట్లు దిగుతూ గొణుగుతూనే ఉన్నాడు. ఇచ్చే చేతిని కూడా తొందరపెట్టని మనిషిని నేను చూడటం అదే మొదటిసారి.

వానలు వెనకబట్టాక ఒక పొద్దున్న పెదనాన్న మళ్లీ ఆఫీసు తలుపు దగ్గర ఆయాసపడుతూ నిలబడ్డాడు. ఈసారి బర్మీస్‌లో కాకుండా, సయామాకు అర్థం కాదని తెలిసీ, తెలుగులోనే చెప్పాడు.

“ఎవులూ పిలవలేదు. నానే ఒచ్చినాను. ఆ మేకలాయన ముసిలోడైపోనాడు, ఆయన మేకలకి ఏటైనా అయితే ఆదుకోడానికి సెయ్యి ఉండాల.”

నేను బర్మీస్‌లో చెప్పాను. సయామా కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుని, ఆయనకు కుర్చీ జరిపారు.